చందవరం చూసొచ్చాక ఒక ప్రశ్న: కోపం అసలు రాకూడదా, వచ్చిందని తెలిస్తే చాలా?

దర్శి రైతు:

అందరికీ నమస్కారం. మాది దర్శి దగ్గర పల్లె, పొగాకు వేస్తాం, ఆకు కాల్చే బ్యారన్ ఒకటి ఉంది. మొన్న వేలంలో నావి ఆరు బేళ్ళు నో బిడ్ అయ్యాయి, అంటే ఎవరూ పాట పాడలేదు. పొద్దున్నుంచి ఎండలో నిలబడి, మళ్ళీ వాటినే ట్రాక్టర్‌కి ఎత్తించుకొని ఇంటికొచ్చేసరికి రాత్రయింది. మా పిల్లాడు స్కూలు పుస్తకం చూపించడానికి వస్తే గట్టిగా కసిరి, అన్నం కంచం పక్కకు నెట్టేశాను. వాడికి ఎనిమిదేళ్ళు. ఆ రాత్రి నా పక్కన పడుకోలేదు.

ఆదివారం వాణ్ణి బండి మీద ఎక్కించుకొని చందవరం తీసుకెళ్ళాను. చిన్నప్పుడు ఎప్పుడో చూసిన కొండ. కింద గుండ్లకమ్మ ఏరు, పైన పాతకాలపు బౌద్ధుల ఆ గుండ్రటి స్తూపం, గాలి తప్ప ఇంకో చప్పుడు లేదు. వాడు స్తూపం చుట్టూ తిరిగొచ్చి అడిగాడు, "నాన్నా, ఇక్కడున్న సాములకి కోపం వచ్చేది కాదా?" అని. నాకు జవాబు తెలియలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. మా చుట్టాల్లో ఒకాయన, కోరికే దుఃఖానికి మూలమని బుద్ధుడు చెప్పాడు కదా, గిట్టుబాటు ధర కావాలనుకోవడం కూడా కోరికేగా, వదిలెయ్యి అన్నాడు. నాకది మింగుడు పడలేదు. ధర అడగకపోతే రైతు ఎట్లా బతుకుతాడు? మనసు రాయి చేసుకోమనా దాని అర్థం? తెలిసినవాళ్ళు చెప్పండి.

మార్కాపురం మాస్టారు:

తమ్ముడూ, మీ అబ్బాయి అడిగింది చాలా పెద్ద ప్రశ్న. నాకు తెలిసినంత చెబుతాను, రిటైరయ్యాక పాళీ సుత్తాలు, అంటే పాళీ భాషలో ఉన్న బుద్ధుడి ఉపదేశాలు, కొన్ని అనువాదాల్లో, కొన్ని మూలం పక్కన పెట్టుకొని చదివాను.

ముందు ఒక మాట దగ్గర ఆగాలి. వేదన అంటే మనకు బాధ. పాళీలో అట్లా కాదు. ఒంటికో మనసుకో ఏది తగిలినా వెంటనే కలిగే అనుభూతి వేదన, అది సుఖం కావచ్చు, దుఃఖం కావచ్చు, రెండూ కానిదీ కావచ్చు. చల్లటి మజ్జిగ తాగితే కలిగేదీ వేదనే. మనం తెలుగు అర్థంతో చదివి బౌద్ధమంతా ఏడుపే అనుకుంటాం, ఈ పొరపాటు నేను కూడా చాలా ఏళ్ళు చేశాను.

సంయుత్త నికాయం అనే సుత్తాల సంపుటిలో సల్ల సుత్తం అని చిన్నది ఒకటి ఉంది. సల్లం అంటే శల్యం, బాణం. మామూలు మనిషికి ఒక బాణం తగులుతుంది, ఆ వెంటనే రెండోది కూడా తగులుతుంది. మొదటిది ఒంటి నొప్పి. రెండోది ఆ నొప్పి మీద మనసు పడే ఏడుపు, కుమిలిపోవడం. సాధన చేసినవాడికి మొదటి బాణం తగలదని అక్కడ లేదు, రెండోది తగలదని ఉంది. అక్కడ చెప్పింది ఒంటి నొప్పి గురించే అయినా నీ విషయం కూడా అందులో పెట్టి చూసుకోవచ్చు. ఆరు బేళ్ళు వెనక్కి రావడం మొదటిది, అది నీ చేతిలో లేదు. ట్రాక్టర్ మీద వస్తూ దారంతా "ఇట్లా చేశారు, అట్లా అన్నారు" అని నీలో నువ్వు తిప్పుకున్నావే, ఆ రెండోదే ఇంటిదాకా వచ్చి పిల్లాడికి తగిలింది.

సతిపట్ఠాన సుత్తంలో మనసును గమనించడం గురించి చెప్పినచోట, ద్వేషంతో ఉన్న మనసును ద్వేషంతో ఉన్న మనసని తెలుసుకుంటాడు, అది లేని మనసును లేదని తెలుసుకుంటాడు అని ఉంటుంది. ఆ చోట తిట్టడం లేదు, అణిచెయ్యమనడం లేదు, ముందు తెలుసుకోమంటుంది. కోపాన్ని ఇంకో సుత్తంలో మరిగే నీళ్ళతో పోల్చారు. పొయ్యి మీద ఎసరు కుతకుతలాడుతుంటే అందులో ముఖం చూసుకోగలమా? మంట తగ్గాక నీళ్ళు అవే, ముఖం కనిపిస్తుంది. కాబట్టి సాములకి కోపం వచ్చేదా అంటే, సాధనలో ఉన్నవాళ్ళకి వచ్చేది, రాకపోతే అన్నేసి సుత్తాల్లో దాని గురించి చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు. అది పూర్తిగా పోయేది అనాగామి దశలోనని గ్రంథాలు చెబుతాయి, అంటే పూర్తి విముక్తి పొందిన అరహంతుడి దశకు ఒక్క మెట్టు ముందు.

మీ చుట్టాలాయన మాట మాత్రం తప్పు, గట్టిగానే చెబుతున్నాను. దుఃఖానికి కారణంగా చెప్పింది తణ్హ, అంటే తృష్ణ, దాహం. ఛందం అని వేరే మాట ఉంది, ఒక పని చెయ్యాలన్న పూనిక. అది మంచి వైపు ఉంటే సాధనకే మెట్టు, సాధన ఫలించడానికి ఆధారాలుగా చెప్పిన నాలుగు ఇద్ధిపాదాల్లో మొదటిది అదే. పంట పండించి న్యాయమైన ధర అడగడాన్ని తృష్ణ కింద కట్టి రైతు నోరు మూయించడానికి బుద్ధుణ్ణి వాడుకోకూడదు.

పెన్న ఒడ్డు, నెల్లూరు:

మాస్టారూ, మీరు రాసింది బాగుంది కానీ ఒకటి చెప్పాలనిపిస్తోంది. కోపం వచ్చిందని తెలుసుకోవడం చల్లగా కూర్చున్నప్పుడు తేలిక. మా అమ్మ పోయిన ఏడాది నేను నాగార్జునసాగర్‌లోని ధమ్మ నాగజ్జున అనే కేంద్రంలో పది రోజుల విపశ్యన ధ్యానం చేశాను. తెల్లవారుజామున నాలుగింటికి గంట, పదో రోజు పొద్దుటిదాకా మౌనం, మొదటి మూడు రోజులు ఊపిరిని గమనించడమే. చాలామందికి పనికొచ్చింది, తర్వాత నాకూ వచ్చింది, కానీ అప్పుడు మాత్రం కళ్ళు మూసుకుంటే ఆస్పత్రి మంచమే. అందరి మధ్యలో ఉండి ఒంటరిగా ఏడ్చాను. దుఃఖం పచ్చిగా ఉన్నవాళ్ళని వెంటనే కూర్చుని చూసుకోమనడం సరికాదని నా అభిప్రాయం.

కిసాగోతమి కథ చూడండి. చచ్చిపోయిన బిడ్డను చంకనేసుకొని మందు కోసం వచ్చిన ఆమెకు బుద్ధుడు ముందే అనిత్యం మీద ఉపన్యాసం ఇవ్వలేదు, ఊపిరి చూసుకోమనలేదు. చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మని పంపాడు. ఆమె గడప గడపకీ వెళ్ళింది. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పోయినవాళ్ళ గురించి చెప్పి ఉంటారు, ఆమె కూడా చెప్పుకొని ఉంటుంది, నేను ఎప్పుడూ ఆ మాటల గురించే ఆలోచిస్తాను. నాకు కూడా కాస్త తేలికైంది మా వీధిలో అమ్మలు పోయిన ఇద్దరు ఆడవాళ్ళతో సాయంత్రాలు మాట్లాడటం మొదలుపెట్టాకే.

అన్నా, ఆ రోజు నో బిడ్ అయినవి మీ ఒక్కరివే కాదు కదా. వాళ్ళతో టీ బంకు దగ్గర అరగంట కూర్చొని, తర్వాత ఇంటికెళ్ళండి. బాబుతో మాత్రం తప్పు నాదేనని నోటితో చెప్పండి, తండ్రి ఆ మాట అనడం పిల్లలకు గుర్తుంటుంది.

దొనకొండ కుర్రోడు:

చందవరం పేరు చూసి ఆగాను, మా మండలమే. అన్నా, బాబుకి ఇవి కూడా చెప్పు. ఆ స్తూపాన్ని 1964లో వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గారు కనుగొన్నారు, డెబ్బైల్లో తవ్వకాలు జరిగాయి. అక్కడి సున్నపురాయి శిల్పాలు దొంగలు ఎత్తుకుపోయారు. వాటిలో ఒకటి, బుద్ధుణ్ణి పూజిస్తున్న భక్తుల ఫలకం, ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీదాకా పోయింది. 2005లో వాళ్ళు దాన్ని కొన్నారు, 2016లో మన దేశానికి తిరిగిచ్చారు.

నేను ఈ దొంగతనం గురించి విన్నప్పటి నుంచి రగిలిపోయేవాణ్ణి, ఎవరు కనపడినా అదే గొడవ. మాస్టారు చెప్పిన రెండో బాణం చదివాక ఇది నాకు కూడా వర్తిస్తుందనిపించింది. కోపం పూర్తిగా పోలేదు, పోవాలని కూడా లేదు. ఇప్పుడు సెలవుల్లో కొండ మీదికి వచ్చే స్కూలు పిల్లలకు తిప్పి చూపిస్తున్నాను. బహుశా ఇదేనేమో ఆ ఛందం, మాస్టారు చెప్పాలి.

దర్శి రైతు:

అందరికీ దండాలు. రాత్రి బాబు పక్కన కూర్చొని, నీమీద కోపం కాదు నాన్నా, బేళ్ళ మీద కోపం నీమీద చూపించాను, తప్పు నాదే అని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి "మరి సాములకి వచ్చేదా?" అన్నాడు. వచ్చేదంట అన్నాను. ఎందుకో చాలా సంతోషించాడు.

అక్కా, మీరన్నట్టే ఆ రోజు బేళ్ళు వెనక్కొచ్చిన ఇద్దరికి ఫోన్ చేశాను. ముగ్గురం కలిసి గ్రేడు మళ్ళీ కట్టి గురువారం తీసుకెళ్తున్నాం, ధర గురించి కూడా కలిసే అడుగుతాం. మాస్టారూ, ఎసరు మరుగుతున్నప్పుడు మంట తగ్గించడానికి ఆ సుత్తాల్లో ఏం చెప్పారో వీలైతే రాయండి, గురువారం లోపల అయితే ఇంకా మంచిది.