మండువా లోగిలి కొలతలు కలవడం లేదు, ఎక్కడ తప్పుతోంది?

కోనసీమలో మా తాతల నాటి మండువా లోగిలి. సంక్రాంతి తర్వాత విప్పేస్తారు, ఈలోగా ప్లాను గీసి పెట్టాలి. మట్టి గోడలు, సున్నం పూత. మందం కింద 58 సెం.మీ., గుమ్మం పైన 50.

మొదటిసారి టేపుతో గది గదికీ కొలుచుకుంటూ వెళ్లాను. కాగితం మీద గీస్తే చివరి గోడ 23 సెం.మీ. పక్కకి పోయింది. రెండోసారి లేజర్ మీటరుతో, అన్నీ నేల నుంచి 1 మీటరు ఎత్తులోనే తీశాను. ఇంకా 16 సెం.మీ. తేడా. ఫోన్ స్కానింగ్ యాప్‌లో అయితే టేకు స్తంభాలు మెలితిరిగిన చెరకు గడల్లా వచ్చాయి, అది వదిలేశాను.

మండువా భుజాలు 4.20, 4.26, 4.18, 4.25 మీ. మూలమట్టం కాదని తెలుసు: కర్ణాలు 6.04, 5.90 వచ్చాయి. గదుల్లో మాత్రం కర్ణాలు తీయలేదు, ధాన్యం గాదెలు, మంచాలు అడ్డం. వాటిని జరిపే మనుషులు లేరు.

టోటల్ స్టేషన్ (కోణాలు, దూరాలు కొలిచే సర్వే పరికరం) అద్దెకు తెచ్చే స్తోమత లేదు. మండువా మధ్యలో దారం కట్టి, నాలుగు వసారాల కొలతలూ దాని నుంచే తీద్దామనుకుంటున్నా. కానీ తలుపుల్లోంచి దారం కనపడని లోపలి గదులను ఆ దారానికి ఎలా ముడిపెట్టాలి?