ఫైర్‌ని తెలుగులో ఎలా చెప్పాలి?

టీచర్ గారూ, కావలిలో మీ పిల్లలకి ఫైర్ అంటే 'నిప్పు' అని చెబితే సరిపోతుందా అని అడిగారు. పేరుగా వచ్చినప్పుడు నిప్పో మంటో సరిపోతుంది. క్రియగా వస్తే మాత్రం ముందు 'కాల్చు' చెప్పండి. ఇంగ్లీషువాళ్లు కుండనీ ఇటుకనీ ఫైర్ చేస్తారు, తుపాకీనీ ఫైర్ చేస్తారు. మనమూ అంతే. ఇటుక కాలుస్తాం, తుపాకీతో కాలుస్తాం, పోలీసు కాల్పులంటాం. తుపాకీ మందుకు నిప్పంటిస్తేనే గుండు బయటికొచ్చే కాలంలో ఇంగ్లీషులో ఆ అర్థం పుట్టింది. చుట్ట కాల్చడం, వంకాయ కాల్చడం, దోసె కాల్చడం మాత్రం వాళ్ల ఫైర్‌లో ఇమడవు.

ఉద్యోగంలోంచి ఫైర్ చేయడం 19వ శతాబ్దపు అమెరికా వాడుక. మనకి 'తీసేశారు', 'పీకేశారు' ఉన్నాయి, చాలు.

నాకు నిజంగా బాధ కలిగించేవి పేపర్ల హెడ్డింగులు. 'ఎమ్మెల్యే ఫైర్', 'మంత్రి ఫైర్'. కోపం ఎంతదైనా అదే మాట! విసుక్కోవడం వేరు, మండిపడటం వేరు, నిప్పులు చెరగడం వేరు. చెరగడం అంటే చేటతో బియ్యం చెరగడమే. చేట ఎగరేసినప్పుడల్లా తవుడూ పొట్టూ లేచినట్టు ఆ మనిషి నోట్లోంచి నిప్పులు లేవాలి. అంత కోపం ఉంటేనే ఆ మాట వాడాలి. అగ్గి మీద గుగ్గిలం అయ్యాడంటే ఇంకో రకం: లోపల ముందే రగులుతున్నవాడు ఒక్క మాట పడగానే భగ్గుమనడం. హెడ్డింగులో చోటు చాలదంటారా, 'మండిపాటు' నాలుగే అక్షరాలు కదా.

—

కందుకూరు నుంచి ఒక మాట, అన్నా. 'కాల్చు' అన్నిచోట్లా కుదరదు. పొగాకు బ్యారన్‌కి, అంటే ఆకు ఆరబెట్టే గదికి, మేం మంట పెడతాం, కాల్చం. బ్యారన్ కాలిందంటే కొంప మునిగినట్టే. ఎండిన ఆకు ఒక్కటి కర్ర నుంచి జారి వేడి గొట్టం మీద పడితే చాలు, లోపల కట్టిన ఆకంతా పోతుంది. ఇంకోటి, వర్జీనియా రకం పొగాకుకి పొగ తగలకూడదు. మంట పొయ్యిలో ఉంటుంది, గొట్టాల వేడికి ఆకు పండి ఆరుతుంది. ఫ్లూ అంటే ఆ గొట్టమే, అందుకే ఇంగ్లీషులో దాన్ని ఫ్లూ క్యూర్డ్ అంటారు. పొగ నేరుగా తగిలించి ఆరబెట్టే వేరే రకం పొగాకుకే ఫైర్ క్యూర్డ్ అని పేరు.

—

బాగా చెప్పావు తమ్ముడూ, ఇది నాకు తట్టలేదు. టీచర్ గారూ, అయితే పిల్లలకి ఇంకో జత కూడా చెప్పండి. మనం పెట్టిన మంట 'మండుతుంది', మన చేయి దాటిపోయిన మంటకి 'తగలబడుతోంది' అంటాం. ఇంగ్లీషులో 'ఆన్ ఫైర్' అని కనబడితే ఎక్కువసార్లు రెండోదే రాయాలి. 'పొయ్యి మండుతోంది', 'బ్యారన్ తగలబడుతోంది' అని రెండూ బోర్డు మీద పక్కపక్కన రాసి, తేడా ఏంటో వాళ్లనే అడగండి.