‘ప్రెనే స్వాఁ ద వూ’ను తెలుగులో ఏమనాలి?

ఫ్రెంచి కళాకారిణి సోఫీ కాల్ మీద వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ప్రియుడు తెగతెంపులు చేసుకుంటూ పంపిన ఈమెయిలును ఆమె 107 మంది స్త్రీలకిచ్చి, ఎవరి వృత్తిని బట్టి వాళ్లను వ్యాఖ్యానించమంది. తుపాకీ గురిలో ఆరితేరినామె కాగితాన్ని కాల్చింది. ఆ 107 లెక్కలో కలిపిన ఆడ చిలుక నమిలి పారేసింది (నాకు నచ్చిన వ్యాఖ్యానం అదే!).

2007లో వెనిస్ బియనాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో ఫ్రాన్స్ తరఫున ప్రదర్శించిన ఈ కృతి పేరు ఆ ఉత్తరంలోని చివరి వాక్యమే: ‘ప్రెనే స్వాఁ ద వూ’. మాటకు మాటగా ‘మిమ్మల్ని మీరు జాగ్రత్తగా చూసుకోండి’ అని. ‘ఆరోగ్యం జాగ్రత్త’ అంటే అమ్మ రైలెక్కిస్తూ అన్నట్టుంది. ‘మీ జాగ్రత్తలో మీరుండండి’ అంటే బెదిరింపులా ఉంది. పైగా ఉత్తరమంతా ‘మీరు’ అనే రాశాడు. దాన్ని అలాగే ఉంచాలా, ‘నువ్వు’గా మార్చాలా? ఫ్రెంచి తెలిసినవారు దయచేసి చెప్పగలరా?