అనంతపురంలో అయిదు లక్షలు చేతిలో ఉంటే: కొత్త డిజైరా, బెంగళూరు పాత బండా?

గుత్తి రోడ్డు లెక్చరర్:
అందరికీ నమస్కారం. ఉండేది అనంతపురం. ఇంట్లో నేను, భార్య, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో మా అమ్మ. కాలేజీకి బైకు మీదే వెళ్తాను. కారుతో పని పడేది నెలలో రెండు మూడు సార్లు తాడిపత్రి దగ్గర మా ఊరికి, సెలవులకు తిరుపతికో బెంగళూరుకో. ఊరి నుంచి వచ్చేటప్పుడు బియ్యం, కందిపప్పు, నూనె డబ్బాలు వెంట ఉంటాయి కనుక డిక్కీ ఉన్న చిన్న సెడాన్ అనుకున్నాం. చేతిలో అయిదు లక్షలున్నాయి. కొత్త డిజైర్ పెట్రోల్ బేస్ మోడల్ తీసుకుంటే పన్ను, బీమా కలిపి ఏడు దాటుతుంది, రెండున్నర లక్షలు అప్పు చేయాలి. లేదంటే బెంగళూరులో ఒకాయన దగ్గర 2019 డిజైర్ పెట్రోల్ ఉంది. ఒకే యజమాని, 58 వేల కిలోమీటర్లు. అయిదు చెప్పి బేరానికి రమ్మంటున్నాడు. కేఏ నంబరు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మాజీ బ్యాంకు మనిషి:
ఇందులో ఆలోచించేది ఏముంది సార్? పాతదే. రెండున్నర లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి అయిదేళ్లు తీసుకుంటే నెలకు దాదాపు 5,200 కట్టాలి. వడ్డీ ఒక్కటే అరవై వేల పైన. నెలకు మూడు సార్లు కదిలే బండికి అరవై నెలల వాయిదాలా? మొదటి అయిదారేళ్ల తరుగు ఆ బెంగళూరు ఆయన ఎప్పుడో భరించేశాడు. పైగా 2019 డిజైర్‌లో ఉన్నది నాలుగు సిలిండర్ల ఇంజిను. ఇప్పుడు వస్తున్న కొత్త దాంట్లో మూడే. వ్యక్తి దగ్గర నేరుగా కొంటే జీఎస్టీ కూడా ఉండదు.

పాతూరు వ్యాపారి:
కొత్తదే తీసుకోండి, రెండో మాట వద్దు. నిరుడు సెప్టెంబరు వరకు అన్నట్టు కాదు ఇప్పుడు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను 29 శాతం నుంచి 18కి దిగింది. కొత్త బండి ధర అంత తగ్గాక కూడా పాత బండ్లవాళ్లు పాత ధరలే పట్టుకుని కూర్చున్నారు. ఇక భద్రత మాట. 2024 నవంబరులో వచ్చిన కొత్త డిజైర్‌లో బేస్ మోడల్‌కు కూడా ఆరు ఎయిర్‌బ్యాగులు, బండిని ఢీకొట్టించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు అయిదు నక్షత్రాలు. 2019 దాంట్లో రెండే బ్యాగులు. పిల్లలతో 44వ నంబరు రహదారి మీద బెంగళూరు వెళ్లేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు.

కేఏ నంబరు సంగతి వేరే చెప్పాలి. అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్లీ జీవిత పన్ను కట్టాలి. నేను పాత బండి కొని కాగితాల కోసం ఏడాది పైన తిరిగాను. అమ్మినవాడు బండి మీద అప్పు తీర్చానన్నాడు కానీ ఫైనాన్సు పేరు ఆర్‌సీలోంచి తీయించలేదు. ఫారం 35 తెచ్చి ఇవ్వమంటే రేపు, ఎల్లుండి. బండి నాది, కాగితం వాడిది. పాత బండి అంటే అదీ.

కడప రాళ్లు:
ఎవరూ హ్యుందాయ్ ఆరా గురించి ఆరా తీయరేమిటి? మా ఇంట్లో అదే ఉంది. ఏ బాధా లేదు.

మాజీ బ్యాంకు మనిషి:
వ్యాపారి గారూ, భయపెట్టకండి. కేఏ బండికి వెంటనే పన్ను కట్టనక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చదవండి. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితేనే కొత్త నంబరు తీసుకోవాలి. అంటే ఏడాది గడువు ఉంది.

పాతూరు వ్యాపారి:
ఆ సెక్షన్ నంబరు ప్లేటు గురించి సార్. పన్ను గురించి కాదు. పన్ను రాష్ట్ర చట్టం, దాని గడువు దానిది. పైగా మీరు చెప్పే 12 నెలలు బండి తీసుకుని వచ్చి తాత్కాలికంగా ఉండేవాళ్లకు పనికొస్తుంది. ఇక్కడ అనంతపురం మనిషే కొని తన పేరున మార్పించుకుంటున్నాడు. మార్పించే రోజే కట్టమంటారు.

మాజీ బ్యాంకు మనిషి:
సెక్షన్‌లో 12 నెలలు అని ఉందా లేదా? అంతవరకు చెప్పండి.

పాతూరు వ్యాపారి:
ఉంది. దేనికి ఉందో కూడా ఉంది.

కల్లూరు కోడలు:
సార్, అమ్మగారికి మోకాళ్ల నొప్పులన్నారు కదా. సెడాన్ సీటు కిందికి ఉంటుంది. మా అత్తగారు మా అమేజ్‌లో కూర్చోగలరు, లేవడమే కష్టం. ఒక చేయి తలుపుకు, ఒక చేయి నా భుజానికి. కొనేముందు అమ్మగారిని ఒకసారి ఎక్కించి దించి చూడండి. కొత్తదా పాతదా అన్నది తర్వాత.

మాజీ బ్యాంకు మనిషి:
ఇంకొకటి మరిచాను. ఇక్కడ పన్ను కట్టినా, కర్ణాటకలో ముందుగా కట్టిన జీవిత పన్నులో మిగిలిన సంవత్సరాల వాటా తిరిగి ఇస్తారు. దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ లెక్క కూడా వేయకుండా కేఏ బండి అనగానే బెదిరిపోతే ఎలా? అనంతపురం రోడ్ల మీద తిరిగే పాత బండ్లలో ఎన్ని బెంగళూరు నుంచి వచ్చాయో క్లాక్ టవర్ దగ్గర నిలబడి చూడండి.

పాతూరు వ్యాపారి:
తిరిగి ఇస్తారు. ఎవరికి? దరఖాస్తు అక్కడ పెట్టాలి, ఇక్కడ కొత్త రిజిస్ట్రేషన్ అయినట్టు కాగితం చూపాలి. ఇక్కడ ముందు జేబులోంచి కట్టాలి. ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్ సెలవు పెట్టుకుని బెంగళూరు ఆర్టీవో చుట్టూ తిరగాలా?

స్పానర్:
పనిలో ఉండి ఇప్పుడు చూస్తున్నాను. పన్ను గొడవ తర్వాత తేల్చుకోండి, ముందు బండి చూసేటప్పుడు ఏం చూడాలో చెబుతాను. మీటరు మీద 58 వేలు అన్నంత మాత్రాన నమ్మవద్దు, మీటరు తిప్పడం ఎంతసేపు. క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు చూడండి. గీతలు అరిగి నున్నగా ఉంటే అది 58 వేల బండి కాదు. స్టీరింగు మీద తోలు మెరుస్తున్నా, డ్రైవరు సీటు తలుపు వైపు అంచు కుంగినా అంతే. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. బానెట్ తెరిచి బిగించిన బోల్టుల తలల మీద రంగు ఊడిందేమో చూడండి. ఊడితే రెంచి పడింది, రెంచి ఎందుకు పడిందో అడగండి. కంపెనీ సర్వీసు చరిత్ర తప్పకుండా అడగండి, కిలోమీటర్లు ప్రతిసారీ అందులో రాసి ఉంటాయి. బెంగళూరులో ఆఫీసుల ట్రిప్పులు కొట్టి పసుపు బోర్డు తీసి తెల్ల బోర్డు పెట్టినవి కూడా ఉంటాయి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బండ్లు నీళ్లలో నిలిచాయి. అవన్నీ తుక్కుకు పోలేదు. సీటు బెల్టు పూర్తిగా చివరిదాకా లాగండి. లోపల చుట్టుకుని ఉండే భాగంలో మట్టి గీత ఉంటే ఆ బండి దగ్గర నుంచి నమస్కారం పెట్టి వచ్చేయండి. సీటు కింద పట్టాలకు తుప్పు, కార్పెట్ కింద నాచు వాసన కూడా చూడండి. బండి విజయవాడది కాదు కదా అనుకోవద్దు, ముంపు బండ్లు నంబరు చూసి ఊళ్లు మారవు.

ధర్మవరం పట్టు:
పెనుకొండ దగ్గర కియా కార్ఖానా ఏడాదికి లక్షల బండ్లు చేస్తుంది. మన గుమ్మంలో తయారయ్యే వాటిలో చిన్న సెడాన్ ఒక్కటీ లేదు. మన అదృష్టం.

మాజీ బ్యాంకు మనిషి:
స్పానర్ గారు బాగా చెప్పారు. ఇంత చూసి తీసుకుంటే పాత బండికి భయమేమిటి? ఏపీ ఆర్టీవోకు 12 నెలలు...

పాతూరు వ్యాపారి:
మళ్లీ 12 నెలలు! బ్యాంకులో ముప్పై ఏళ్లు కాగితాలు చూసిన మనిషి పన్ను ఎగ్గొట్టే దారి చెప్పడం బాగుంది. దారిలో బండి ఆపి కాగితాలు చూస్తే జరిమానా మీరు కడతారా?

మాజీ బ్యాంకు మనిషి:
ఎగ్గొట్టమని నేను ఎక్కడ అన్నాను? మాట సరిగ్గా చదవండి. మీ బండి కాగితాలు మీరు సరిగ్గా చూసుకోలేదు, ఆ కోపం అందరి పాత బండ్ల మీదా చూపిస్తున్నారు. ఆర్‌సీలో ఫైనాన్సు పేరు ఉందో లేదో ఫోనులో రెండు నిమిషాల్లో కనబడుతుంది.

పాతూరు వ్యాపారి:
నా బండి గురించి మీకేం తెలుసని మాట్లాడుతున్నారు?

గుత్తి రోడ్డు లెక్చరర్:
దయచేసి ఇద్దరూ శాంతించండి. నేను ముందే చెప్పాల్సింది ఒకటుంది. ఆ అయిదు లక్షలు నావి కావు, మా అమ్మవి. పుట్టింటి నుంచి ఆమెకు వచ్చిన మెట్ట పొలం అమ్మారు, ఆ డబ్బులో ఇది ఒక భాగం. కారు కొనమన్నది అమ్మే. అందుకే అప్పు తక్కువగా ఉంటే మంచిదని నా ఆలోచన.

మాజీ బ్యాంకు మనిషి:
పొలం అమ్మిన డబ్బుతో కారా? ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను కొత్తదీ పాతదీ అనేవాడినే కాదు. రెండూ వద్దు. అమ్మగారికి అరవై దాటి ఉంటాయి కదా. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ పథకంలో వేయండి. 8.2 శాతం వడ్డీ. అయిదు లక్షలకు ఏడాదికి 41,000, అంటే మూడు నెలలకొకసారి 10,250 ఆమె పేరున వస్తుంది. నెలకు మూడు సార్లు ఊరికి అద్దె బండి పెట్టుకోండి, పెద్ద ఖర్చు కాదు. మిగతా ఇరవై ఏడు రోజులు ఇంటి ముందు ఎండలో నిలబడే బండికి బీమా, సర్వీసు, బ్యాటరీ, టైర్లు ఎవరి కోసం? నేను బ్యాంకు ఉద్యోగంలో ఉన్నంత కాలం, వాయిదా కట్టలేక తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టినవాళ్లను చూశాను. వాళ్లలో సగం మందికి ఆ బండి అవసరమే లేదు.

పాతూరు వ్యాపారి:
ఇదీ అసలు సంగతి! మొదటి నుంచీ మీ మాట పాత బండి కాదు, అసలు కారే వద్దని. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే 47వ సెక్షన్ మీద ఇంత గొడవ ఎందుకు?

అద్దె బండి అంటున్నారు. మా నాన్నకు రాత్రి రెండు గంటలకు ఆయాసం పట్టింది. తెలిసిన ట్యాక్సీ డ్రైవర్లందరికీ ఫోను చేశాను, ఒక్కడూ ఎత్తలేదు. వాళ్ల తప్పు కాదు, పగలంతా తిరిగి పడుకున్నారు. 108 ఉంది కదా అనకండి. ఆయన కూర్చుని ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, ఇంత మాత్రానికి అంబులెన్సు ఎందుకురా అని ఆయనే కసిరాడు. పక్కింటివాళ్లను లేపి వాళ్ల బండిలో తీసుకెళ్లాం. అప్పుడు తెలుస్తుంది కారు అవసరమా కాదా అన్నది. పోస్టాఫీసు వడ్డీ రాత్రి రెండింటికి తలుపు తట్టదు.

మాజీ బ్యాంకు మనిషి:
మీ నాన్నగారి విషయం బాధాకరం. కానీ ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. అప్పుడు మీ ఇంట్లో కారు లేదా?

పాతూరు వ్యాపారి:
ఉంది. నేను పైన చెప్పినదే. వాకిట్లోనే ఉంది. పేరు మారలేదు, బీమా అయిపోయింది, కాగితాల సంగతి తేలేదాకా మరమ్మతుకు డబ్బు పెట్టవద్దని ఇంట్లో గొడవ. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. అమ్మినవాడు పరాయివాడు కూడా కాదు, మా బావమరిది. వాడి మీద ఫిర్యాదు చేస్తే మా ఇంట్లో పొయ్యి వెలగదు. పేరు మారకపోతే ప్రమాదం జరిగినా బాధ్యత ఆర్‌సీలో పేరున్నవాడిదే అని 2018లోనే సుప్రీంకోర్టు చెప్పిందిరా, నీకే ముప్పు అని వాడికి చెప్పి చూశాను. నవ్వాడు.

స్పానర్:
అన్నా, ఇది పాత బండి తప్పు కాదు. బంధువు దగ్గర కాగితం లేకుండా కొనడం.

పాతూరు వ్యాపారి:
బంధువు దగ్గరే ఇలా అయితే బెంగళూరులో ముక్కూ మొహం తెలియని ఆయన దగ్గర ఎలా ఉంటుందో ఆలోచించు తమ్ముడూ.

స్పానర్:
ముక్కూ మొహం తెలియనివాడైతే డబ్బు ఇచ్చేముందే అన్ని కాగితాలూ గట్టిగా అడుగుతారు. పేరు మార్పు ఫారం 29, 30 మీద సంతకాలు, బ్యాంకు వాళ్ల లేఖ, నిరభ్యంతర పత్రం. బావమరిదిని అడగలేకపోయారు.

కల్లూరు కోడలు:
డబ్బు అమ్మగారిది, మోకాళ్లు అమ్మగారివి. పొలం అమ్మి కారు కొనమన్నది కూడా ఆమే. ఇంతమంది మాట్లాడాం, ఆమెకు ఏం కావాలో ఎవరైనా అడిగారా?

కడప రాళ్లు:
ఆరా అడగవచ్చు.

గుత్తి రోడ్డు లెక్చరర్:
కోడలు గారి మాట విని ఆదివారం అమ్మను షోరూముకు తీసుకెళ్లాను. డిజైర్ వెనుక సీట్లో కూర్చోవడం బాగానే ఉంది, దిగేటప్పుడు రెండు సార్లు ప్రయత్నించి ఆగిపోయింది. ఆరాలోనూ అంతే, కడప వారు క్షమించాలి. పక్కనే ఉన్న ఇంకో షోరూములో టాటా పంచ్ ఎక్కించాను. సీటు నడుము ఎత్తులో ఉంది, ఎవరి భుజమూ పట్టుకోకుండా దిగింది. దిగి, ఇది ఎంత అని సేల్స్ అబ్బాయిని తనే అడిగింది. పొలం డబ్బు పోస్టాఫీసులో వేద్దామని కూడా చెప్పి చూశాను. వడ్డీ తీసుకుని ఏం చేయాలి, బస్సు ఎక్కలేకనే కదా మా చెల్లెలిని చూసి రెండేళ్లయింది అంది. కాబట్టి కారు ఖాయం. సెడాన్ కాదు. డిక్కీ 366 లీటర్లట, డిజైర్ కంటే పదహారు లీటర్లు తక్కువ. బియ్యం బస్తా పడుతుంది.

పాతూరు వ్యాపారి:
మంచి పని. కొత్తది తీసుకోండి.

మాజీ బ్యాంకు మనిషి:
పంచ్ వచ్చింది 2021లో. రెండు మూడేళ్లు వాడినవి బాగా దొరుకుతాయి. ఏపీ నంబరు చూసి తీసుకోండి, 47వ సెక్షన్ గొడవే ఉండదు.

పాతూరు వ్యాపారి:
గొడవ లేకపోయినా మీరు చెప్పింది తప్పే.