46 మందిలో 17 మంది ఫారం నింపితే నా పాఠానికి 2.94 వచ్చింది. దీన్ని ఏమనుకోవాలి?

బరంపురం లెక్కలమ్మ:

అందరికీ నమస్కారం. బరంపురంలో ఒక అటానమస్ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీని. కాలేజీ పేరు రాయను, ఇక్కడ అందరూ అందరికీ తెలిసినవాళ్ళే. ప్లస్ త్రీ (ఇక్కడ డిగ్రీని అలా అంటారు) మ్యాథ్స్ ఆనర్స్ రెండో ఏడాదికి రియల్ ఎనాలిసిస్ చెప్తాను. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బోర్డు మీద ఇంగ్లీషు. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగువాళ్ళం చాలామందిమి ఇంతే.

మొన్న శుక్రవారం మా హెచ్ఓడీ పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్. ఐదుకి 2.94. పక్క సెక్షన్ సార్‌కి 4.6. "కొంచెం చూసుకోండి మేడమ్, జూన్‌లో రెన్యువల్ ఉంది కదా" అన్నారు, అంతే. గట్టిగా తిట్టినా బాగుండేది. అప్పటినుంచి ఒకటే టెన్షన్. "ఎవరో పిల్లలు ఏదో రాస్తే నువ్వు పస్తుంటావా?" అని మా అత్తగారు రెండు పూటలూ కేకలేశారు.

రాత్రి కూర్చుని ఎవరు ఎంత వేశారో విడదీసి చూశాను. లెక్కల మనిషిని, ఊరుకోలేను. క్లాసులో 46 మంది, నింపినవాళ్ళు 17 మంది. ఆరుగురు ఐదు వేశారు, ఒకరు నాలుగు, ఇద్దరు మూడు, ఇద్దరు రెండు, ఆరుగురు ఒకటి. మొత్తం 50. పదిహేడుతో భాగిస్తే 2.94. అంటే నేను ఒక మోస్తరు టీచర్ని అన్నవాళ్ళు ఇద్దరే! మిగతావాళ్ళలో సగం మంది నెత్తిన పెట్టుకున్నారు, సగం మంది నేలకేసి కొట్టారు. ఆ ఒకటి వేసినవాళ్ళలో ఒక్కరు మనసు మార్చుకుని ఐదు వేసినా 3.18 అయిపోతుంది. ఇంత ఊగిపోయే అంకె మీద నా జూన్ ఆధారపడి ఉంది.

కింద రాసిన కామెంట్లు రెండే. "నోట్స్ ఇవ్వరు." "సజెషన్ ఇవ్వరు." మన ఆంధ్రావాళ్ళకి తెలియకపోవచ్చు, పరీక్షకి ముందు "ఇవి చూసుకోండి చాలు" అని టీచర్లు ఇచ్చే ప్రశ్నల చీటీని ఇక్కడ సజెషన్ అంటారు. పక్క సెక్షన్ సార్ ఇస్తారు. ఆయన చెడ్డాయన కాదు, నాకు చాలాసార్లు సాయం చేశారు కూడా. కానీ నోట్సు చెప్పి రాయిస్తారు, పది నిమిషాల ముందే వదిలేస్తారు.

ఇప్పుడు నన్ను తొలిచేస్తున్న సంగతి. ఫిబ్రవరిలో కంటిన్యుటీ చెప్పేటప్పుడు ఎప్సిలాన్-డెల్టాని ఆటలా ఆడించాను. ఫంక్షన్ చాలా తేలికది, ఇచ్చిన అంకెని మూడు రెట్లు చేస్తుంది. వెనక బెంచీ కుర్రాడు ఎప్సిలాన్ చెప్పాలి, అంటే జవాబులో ఎంతలోపు తేడా రావాలో. నేను డెల్టా ఇవ్వాలి, అంటే ఇచ్చే అంకెని ఎంతలోపు కదిపితే ఆ హద్దు దాటదో. వాడు 0.3 అన్నాడు, నేను 0.1 ఇచ్చాను. 0.03 అన్నాడు, 0.01 ఇచ్చాను. వాడికి పట్టుదల వచ్చి సున్నాలు పెంచుకుంటూ పోయాడు. అప్పుడు కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి, పట్టు నేసే వాళ్ళింటి పిల్ల, చెయ్యి కూడా ఎత్తకుండా ఒడియాలో అనేసింది: "వాడు ఎంత చిన్నది అడిగినా నేను అందులో మూడో వంతు ఇస్తా మేడమ్. వాడు గెలవలేడు." ఆ ఒక్క మాటలో కంటిన్యుటీ నిర్వచనం మొత్తం ఉంది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఫారంలో ఆ రోజుకి గడి లేదు. నేను బాగా చెప్తున్నానో లేదో ఇంకెలా తెలుసుకోవాలి? ఇంకా మూడు వారాల క్లాసులున్నాయి.

పర్లాకిమిడి ఫిజిక్స్ మాస్టారు:

అమ్మా, ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. ముందు అన్నం తినండి.

ఆ కాగితం పూర్తిగా అబద్ధమూ కాదు, పూర్తిగా నిజమూ కాదు. మీరు టైముకి వస్తున్నారా, మాట వినిపిస్తోందా, పేపర్లు దిద్ది ఇస్తున్నారా, డౌటు అడిగితే విసుక్కుంటున్నారా... ఇవి గుంటలకి బాగా తెలుస్తాయి, వాళ్ళనే అడగాలి. చెప్పిన ప్రూఫ్ సరైనదా, ఈ స్థాయికి ఈ లోతు చాలునా అన్నది వాళ్ళకి ఎలా తెలుస్తుంది? దానికి ఇంకో లెక్కల మనిషి వచ్చి వెనక కూర్చోవాలి, మీ ప్రశ్నాపత్రం చూడాలి.

మీ పక్క సెక్షన్ కథ వింటే నాకు ఒకటి గుర్తొచ్చింది. అమెరికా ఎయిర్ ఫోర్స్ అకాడమీలో పిల్లల్ని కాల్క్యులస్ సెక్షన్లలోకి చీటీలు తీసినట్టు పంచుతారు. అందరికీ ఒకే సిలబస్, ఒకే పేపరు. ఎవరి సెక్షన్ కావాలో ఎంచుకునే వీలు లేదు. కారెల్, వెస్ట్ అని ఇద్దరు ఎకనమిస్టులు అక్కడ పదివేల మందికి పైగా పిల్లల మార్కులు పట్టుకుని 2010లో పేపరు వేశారు. మంచి ఫీడ్‌బ్యాక్ తెచ్చుకున్న టీచర్ల పిల్లలకి ఆ కోర్సులో మార్కులు బాగా వచ్చాయి. దాని తర్వాత చదవాల్సిన పై కోర్సుల్లో మాత్రం వాళ్ళే వెనకబడ్డారు. అందుకని వచ్చే ఏడాది మీ పిల్లలకి పాఠం చెప్పబోయే వాళ్ళని అడిగి పెట్టుకోండి, ఏ సెక్షన్‌వాళ్ళు ఎలా ఉన్నారో గమనించమని.

ఈ మూడు వారాల్లో ఒక పని చెయ్యండి. క్లాసు ఆఖరి ఐదు నిమిషాల్లో తలా ఒక చీటీ ఇవ్వండి. పేరు వద్దు. ఇవాళ ఏది అర్థం కాలేదు, నేను ఏది మార్చాలి, రెండే ప్రశ్నలు. ఏ భాషలోనైనా రాయమనండి. అసలు ఇది నాలుగో వారంలో చెయ్యాల్సిన పని. కోర్సు అయిపోయాక అడిగితే ఆ పిల్లలకి ఒరిగేదేమీ లేదు.

గుణుపురం కుర్రోడు:

మేడమ్, నేను ఎమ్మెస్సీ స్టూడెంట్‌ని. మేం ఫారం ఎలా నింపుతామో చెప్తాను, కోప్పడకండి. వాట్సాప్‌లో లింకు వస్తుంది, క్యాంటీన్‌లో కూర్చుంటాం, పై గడి నుంచి కింది గడి దాకా ఒకటే అంకె నొక్కుకుంటూ పోతాం. రోల్ నంబరుతో లాగిన్ అడిగితే భయపడి అందరికీ ఐదు. ఒక్కోసారి ఒకడే నలుగురివి నింపేస్తాడు.

ఒక మాట అడగనా? మీ ఊరి అమ్మవారి ఠాకురాణి యాత్రలో ఎక్స్‌ట్రా క్లాసు ఏమైనా పెట్టారా?

బరంపురం లెక్కలమ్మ:

పెట్టాను బాబూ. ఆదివారం సాయంత్రం. సిలబస్ మిగిలిపోయిందని.

గుణుపురం కుర్రోడు:

రెండేళ్ళకోసారి వచ్చే యాత్ర మేడమ్. ఆరు ఒకట్లూ అక్కడే పడ్డాయి 😄

ఐక్యూఏసీ బాధితురాలు:

నవ్వుకున్నాను కానీ నాదొక మాట. మా కాలేజీలో ఐక్యూఏసీ అని నాణ్యత చూసే విభాగం ఉంది, అందులో ఈ ఫారాలన్నీ పోగేసే పని నాదే. పైనుంచి అడిగేవాటిలో పాఠం ఎలా చెప్పారన్నది ఎంత తక్కువో మీకు తెలిస్తే ఆశ్చర్యపోతారు. యూజీసీ 2018 నిబంధనల్లో టీచర్ల పనికి గ్రేడు వేసే పట్టికలో టీచింగ్ గడి చూడండి. కేటాయించిన క్లాసుల్లో 80 శాతం, ఆపైన తీసుకుంటే గుడ్, 70 నుంచి 80 లోపు అయితే శాటిస్ఫాక్టరీ, 70 కంటే తగ్గితే నాట్ శాటిస్ఫాక్టరీ. క్లాసులోకి వెళ్ళి ఏం చేశారన్నది ఆ లెక్కలోకి రాదు. కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ళ స్టూడెంట్ సర్వేలో కూడా మొదటి ప్రశ్న సిలబస్ ఎంత శాతం అయింది అనే.

ఇంకో సంగతి, మీరు ఆడవారు కాబట్టి రాస్తున్నాను. అమెరికాలో నార్త్ కరోలినాలో ఒక ఆన్‌లైన్ కోర్సులో ఇద్దరు టీచర్లు ఒక గ్రూపుకి మగ పేరుతో, ఇంకో గ్రూపుకి ఆడ పేరుతో పాఠం చెప్పారు. పేపర్లు అందరికీ ఒకే సమయానికి దిద్ది ఇచ్చారు. అయినా 'టైముకి ఇచ్చారా' అన్నదానికి మగ పేరుకి 4.35, ఆడ పేరుకి 3.55. 2015లో వచ్చిన పేపరు. పిల్లలు 43 మందే, కాబట్టి దాన్ని పట్టుకుని ఊగిపోకూడదు. కానీ గడియారం చూసి చెప్పగల విషయంలోనే ఇంత తేడా వచ్చిందంటే, మిగతా గడుల సంగతి ఆలోచించుకోండి. హెచ్ఓడీ దగ్గరికి సగటు పట్టుకెళ్ళకండి. 46లో 17, ఎవరెవరు ఎంత వేశారు, ఆ పట్టీ పట్టుకెళ్ళండి.

జయపురం పాత స్టూడెంట్:

అందరూ కలిసి ఫారాన్ని ఉతికేస్తున్నారు. మాకు ఒకాయన ఉండేవారు. మూడేళ్ళూ అవే పసుపుపచ్చ కాగితాలు చదివారు. ఒకసారి పేజీ తారుమారై రెండు పాఠాలు కలిపి చదివేస్తే మేమే చెప్పాం, ఆయన గమనించలేదు. అప్పట్లో మాకు ఏ ఫారమూ లేదు. ఎవరికి చెప్పుకుంటాం? అంకె తప్పైతే సరిచెయ్యండి, కానీ పిల్లల్ని అడగడం మానెయ్యొద్దు. మేడమ్, నోట్స్ ఇవ్వరు అన్నదాన్ని కూడా కొట్టిపారెయ్యకండి. ఒడియా మీడియంలో ప్లస్ టూ చదివొచ్చినవాడికి మీరు ఇంగ్లీషులో చెప్పింది వింటూ రాసుకోవడం కుదరదు. వాడు నోట్స్ అడిగేది బద్ధకంతో కాకపోవచ్చు.

బరంపురం లెక్కలమ్మ:

పది రోజుల తర్వాత రాస్తున్నాను. చీటీలు ఇచ్చాను మాస్టారూ. ఆ రోజు వచ్చిన 41 మందిలో 38 మంది రాసి ఇచ్చారు. 'ఏది మార్చాలి' అన్నచోట పదకొండు మంది ఒకటే రాశారు: బోర్డు కింది సగం వెనక బెంచీలకి కనబడదు, నా టేబుల్ అడ్డం. ఆర్నెల్లుగా అలాగే ఉంది. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ వాళ్ళని అడగలేదు. టేబుల్ తలుపు వైపుకి జరిపించాను.

జయపురం తమ్ముడూ, మీరన్నదే నిజం. "రాసుకోవడానికి టైము ఇవ్వరు" అని తొమ్మిది చీటీలున్నాయి. ఇప్పుడు థీరమ్ చెప్పాక రెండు నిమిషాలు నోరు మూసుకుని నిలబడుతున్నాను. ఆ రెండు నిమిషాలూ నాకు ఎంత పొడుగ్గా ఉంటాయో చెప్పలేను. సజెషన్ మాత్రం ఇవ్వను.

ఒక చీటీని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఒడియా లిపిలో ఉంది, చదివితే ముక్క అర్థం కాలేదు. మెల్లగా పైకి చదివాను. తెలుగు! "మేడం కొంచెం ఆగి ఆగి చెప్పండి, భయమేస్తాంది." ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒక్క తెలుగు అక్షరం కూడా నేర్చుకోని పిల్ల ఎవరో. లేక పిల్లాడో.

యాత్ర క్లాసుకి అందరి ముందూ సారీ చెప్పాను. గట్టిగా చప్పట్లు కొట్టారు, వెధవలు.

పట్టీ చూసి హెచ్ఓడీ ఏమీ అనలేదు, కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. బుధవారం క్లాసుకి వచ్చి కూర్చుంటానన్నారు. ఆ రోజు యూనిఫామ్ కంటిన్యుటీ. మళ్ళీ ఎప్సిలాన్ ఆటే ఆడిస్తాను, ఈసారి ఎప్సిలాన్ చెప్పాల్సింది ఆయనే. ఆ సంగతి ఆయనకింకా చెప్పలేదు.