వెలిచూపులో ‘వెలి’ ఏ వెలి?

కృష్ణాతీరం:
చిన్నప్పుడు అమ్మమ్మ నోట విన్న మాట ఒకటి నెల రోజులుగా వెంటాడుతోంది. ఇంట్లో ఇత్తడి చెంబు పోయింది. అంట్లు తోమడానికి వచ్చే మనిషి మీదికే అందరి అనుమానమూ పోయింది. అమ్మమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. తల ఎత్తకుండానే, “స్వబుద్ధిని ఆధారం చేసుకోకండి, వెలిచూపునుబట్టి తీర్పు తీర్చకండి...” అంది. తర్వాత ఇంకో ముక్క ఉంది. “ఆయనకు వదిలి” అన్నట్టు లీలగా గుర్తు. మట్టిబెడ్డ ఒకటి ఏరి పక్కన పెట్టి మళ్లీ చేట ఊపడం మాత్రం కళ్లకు కట్టినట్టుంది. ఇదంతా ఒకే వాక్యమా? పాత కీర్తనలోదా? ఆ చివరి ముక్క ఎవరికైనా తెలుసా?

తాటాకు:
ఒకే వాక్యం కాదండీ. రెండూ బైబిల్లోవే. స్వబుద్ధి సామెతల గ్రంథం 3:5లోది, వెలిచూపు యోహాను సువార్త 7:24లోది. కలిపి కుట్టింది మీ అమ్మమ్మగారే అయి ఉంటారు. నా మనసు మాత్రం ‘వెలి’ దగ్గరే ఆగిపోయింది. వెలివేత, వెలివాడలలోని వెలి ఇందులో వినిపించడం లేదూ? 38 ఏళ్లు జబ్బుతో పడి ఉన్నవాడిని విశ్రాంతిదినాన బాగుచేసినందుకు తనను తప్పుపట్టినవాళ్లతో యేసు అన్న మాట అది. నా లెక్కలో వెలిచూపు అంటే మనిషిని వెలివేసే చూపు.

గుంటూరు మాస్టారు:
భావం బాగుంది, వ్యుత్పత్తి ఒప్పుకోదు. వెలి అంటే వెలుపల, అంతే. వెలివేయడమన్నా ఊరికి వెలుపల పెట్టడమే. ఆ క్రౌర్యం ‘వేయు’లో ఉంది గానీ ‘వెలి’లో లేదు.

పదాన్వేషి:
వెలిదమ్మి, వెలిగొడుగు కూడా ఉన్నాయి కదా మాస్టారూ, అక్కడ వెలి అంటే తెలుపు. పైపైన తెల్లగా మెరిసేదాన్ని చూసి మోసపోయే చూపని ఎందుకు అనుకోకూడదు?

గుంటూరు మాస్టారు:
అది వేరే వెలి. ధ్వని ఒకటైనంత మాత్రాన రెంటినీ ఒకే గాటన కట్టలేం. అసలు తేల్చవలసింది చూపు సంగతి. సమూయేలు ప్రవక్త యెష్షయి పెద్దకొడుకును చూసి ఇతడే రాజనుకున్న చోట మన అనువాదంలో “పైరూపము” అని ఉంది. అది చూడబడేవాడిది. ఇక్కడ రూపం అనకుండా చూపు అన్నారంటే దోషం చూసేవాడిదని. ఆ తేడా కావాలనే పాటించారని నా నమ్మకం.

తాటాకు:
మూలంలో ఉన్న గ్రీకు మాట ‘ఓప్సిస్’. దానికి చూపు అనీ, ముఖం అనీ రెండర్థాలూ ఉన్నాయి. సమాధిలోంచి లేచి వచ్చిన లాజరు ముఖానికి రుమాలు కట్టి ఉందన్న చోట కూడా ఇదే మాట. మన చూపూ అలాంటిదే. “చూపుకు బాగుంది” అన్నప్పుడు బాగున్నది వస్తువా, మన కన్నా? అనువాదకులు ఏ పక్షమూ వహించకుండా రెండర్థాలనూ నిలబెట్టారు. దానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

వెన్నెలపిట్ట:
“వెలిచూపువలన కాక విశ్వాసమువలననే నడుచుకొనుచున్నాము” అని పౌలు రాసిన రెండో కొరింథీ పత్రికలో ఉంది, ఎవరూ తేలేదేం? అక్కడ నడిచేది మనం కాబట్టి చూపూ మనదే. మాస్టారి మాటే నెగ్గుతుంది.

గుంటూరు మాస్టారు:
ఆ వాక్యం నాకు తట్టలేదమ్మా. సంతోషం.

పదాన్వేషి:
మరి సుమతీ శతకకారుడు “కని కల్ల నిజము” తెలుసుకోమన్నాడు కదా. అక్కడ కంటికే పెద్దపీట.

తాటాకు:
ఆ ‘కని’కి కంటితో చూసి అన్న అర్థమే ఎందుకు చెప్పుకోవాలి? కనుగొని అనీ చెప్పుకోవచ్చు. అయినా ఈ చర్చలో జాషువా గారి పేరు ఇంతవరకూ రాకపోవడం నాకు బాధగా ఉంది. “నిఖిలలోకమెట్లు నిర్ణయించిన నాకు తరుగులేదు” అన్న పాదంలో ‘నిర్ణయించిన’ అన్న క్రియను చూడండి. లోకం చేసేది తీర్పే, ఆ తీర్పుకు ఆయన తల వంచలేదు. ‘గబ్బిలం’ కావ్యంలోని దళిత కథానాయకుడు తన గోడును సాటి మనుషులకు కాకుండా కాశీలోని శివుడికి గబ్బిలంతో ఎందుకు పంపుకున్నాడు? వాళ్ల దగ్గర తీర్పు ముందే అయిపోయింది గనుక. గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు, అతను వెళ్లలేడు. వెలి అంటే ఉత్త ‘బయట’ అని నేను ఎందుకు ఒప్పుకోలేనో ఇప్పుడైనా అర్థమైందా?

వెన్నెలపిట్ట:
1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిన జాషువా గారి ‘క్రీస్తు చరిత్ర’ను మాత్రం మనవాళ్లు అంతగా చదవరు. ఎప్పుడైనా అందులోని పద్యాల మీదా కూర్చుందాం.

గుంటూరు మాస్టారు:
తప్పకుండా. అడిగినవారి చివరి ముక్క గురించి ఒక మాట. యోహాను వాక్యం తీర్పే వద్దనలేదు, “న్యాయమైన తీర్పు” తీర్చమంది. కనుక “ఆయనకు వదిలి” అక్కడ పొసగదు. “ఆయనను అడిగి” అయి ఉండాలి. వదిలేయడం వేరు, అడిగి తేల్చుకోవడం వేరు.

తాటాకు:
అడిగినా చివరికి తేల్చేది మన బుద్ధే కదా మాస్టారూ! మరి స్వబుద్ధి వద్దన్నది దేనికి?

గుంటూరు మాస్టారు:
బుద్ధి వద్దనలేదు. ‘ఆధారము’ చేసుకోవద్దన్నారు. చేతికర్ర పట్టుకోవచ్చు, బరువంతా దాని మీదే వేస్తే విరుగుతుంది.

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారాలు. ఇందాక అమ్మకు ఫోను చేసి అడిగాను. ‘వదిలి’ కాదు, ‘అడిగి’ కాదు, “ఆయన కళ్లతో” అని ఆమెకు జ్ఞాపకమట. పెద్దమ్మకేమో ఆ చివరి ముక్కే గుర్తులేదు. చెంబు దొరకలేదు. ఆ మనిషి మాత్రం అమ్మమ్మ పోయేదాకా మా ఇంట్లోనే పనిచేసింది.

తాటాకు:
“ఆయన కళ్లతో” అన్నారా! అయితే యెషయా 11:3 కూడా తెరవాలి. “కంటి చూపునుబట్టి అతడు తీర్పు తీర్చడు” అని రాబోయే రాజు గురించి అక్కడ ఉంది. మరి ఆయన కళ్లంటే ఏ చూపు? మాస్టారూ, ఉన్నారా?