పిగ్మీ పోసమ్‌నీ మాంటా రేనీ దేని మీద పోల్చాలి? పాప ప్రాజెక్ట్, హెల్ప్ చెయ్యండి

ఎంవీపీ కాలనీ అమ్మ:
మా పాప ఎనిమిదో క్లాసు. అంతరించిపోతున్న రెండు జంతువుల్ని పోల్చి రాయమన్నారు, చీటీల్లో దానికి ఆస్ట్రేలియా మౌంటెన్ పిగ్మీ పోసమ్ (కంగారూలా పొట్ట సంచిలో పిల్లల్ని పెంచే ఎలుకంత జంతువు), ఓషియానిక్ మాంటా రే (రెక్కల్లాంటి మొప్పలతో కాదు, వెడల్పాటి రెక్కలతో ఈదే సముద్రపు చేప) వచ్చాయి. ఒకటేమో 45 గ్రాములు, మంచు కొండల్లో రాళ్ల సందుల్లో ఉంటుంది, ఇంకోటి 7 మీటర్ల వెడల్పు దాకా పెరుగుద్దట. సైజు, తిండి, ఉండే చోటు అని గళ్లు గీసి నింపేసింది గానీ చదివితే రెండిటికీ సంబంధమే కనబడట్లేదు.

ఏయూ జువాలజీ:
పిల్లల్ని ఎలా పెంచుతాయో రాయమనండి మేడమ్, అసలు సంగతంతా అక్కడే ఉంది. పోసమ్ గర్భం రెండు వారాలే, పిల్ల బియ్యపు గింజకన్నా చిన్నగా కళ్లు కూడా తెరవకుండా పుట్టి, పాక్కుంటూ తల్లి సంచిలోకి పోయి చనుమొన పట్టుకుంటుంది, పెరగడమంతా అక్కడే. చనుమొనలు నాలుగే కాబట్టి నిలిచేవి కూడా నాలుగే. మాంటాకి బొడ్డుతాడు ఉండదు, గర్భసంచి గోడల్లోంచి పాలలాంటి ద్రవం ఊరుతుంది, పిల్ల ఏడాదిపాటు అది తాగి లోపలే పెద్దదవుతుంది. పాలు రెండిటికీ ఉన్నాయి, దానికి బయట, దీనికి లోపల, ఎంత బాగుందో చూడండి!
కాకపోతే పోసమ్ ఏటా నాలుగు పిల్లల దాకా పెంచుతుంది, మాంటా మాత్రం రెండు మూడేళ్లకి ఒక్కటే కంటుంది. ఆస్ట్రేలియాలో హోథమ్ కొండ మీద రోడ్డొచ్చి ఆడ, మగ పోసమ్‌లు విడిపోతే రోడ్డు కింద రాళ్లు నింపిన సొరంగం కట్టారు, మగవి దాన్లోంచి మళ్లీ వెళ్లడం మొదలెట్టాయి. దారి, తిండి చూస్తే అది కోలుకోగలదు. మాంటాని మాత్రం చైనా మందుల కోసం మొప్పలకి చంపేస్తున్నారు, పోయినంత వేగంగా పుట్టడం దానివల్ల కాదు. 2013లో సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) లిస్టులో పెట్టారు, అయినా 2020కి ఎండేంజర్డ్, అంటే అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి అయిపోయింది.

పెదజాలరిపేట కుర్రోడు:
ఆ మాంటా జాతి పెద్ద టేకులు (రే చేపల్ని మేం అలాగే అంటాం) మా వలల్లోనూ పడతాయండి. కావాలని పట్టం, ట్యూనా కోసం వేసిన వలకి రెక్క చుట్టేసుకుంటాది, వల కొయ్యకుండా వదల్లేం, కోస్తే వల డబ్బులు ఎవరిస్తారు? ఒకసారి ఒడ్డుకి తెచ్చాక కడుపులో పిల్ల ఉంది, రెక్కలు రెండూ చాప చుట్టినట్టు మీదకి మడిచేసుంది. ఒక్కటే. మా నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఇది కూడా రాయమనండి పాపని.

ఎంవీపీ కాలనీ అమ్మ:
తప్పకుండా రాయిస్తాను తమ్ముడూ. పాప అడుగుతోంది, మాంటా పిల్ల పుట్టాక తల్లి దగ్గరే ఉంటుందా?

ఏయూ జువాలజీ:
ఉండదమ్మా, పుట్టిన దగ్గర్నుంచి దాని తిండి అదే చూసుకుంటుంది.